దండలు మార్చుకుని పద్యం చదివితే పెళ్లయిపోతుందా?

తోటపల్లి_కాలవ
జూలైలో ఒక పెళ్లి అనుకుంటున్నారు. అమ్మాయిది రాజాం, అబ్బాయిది విజయనగరం. ఇద్దరికీ పురోహితుడు వద్దు, ముహూర్తం వద్దు, కన్యాదానం అసలే వద్దు. దండలు మార్చుకుని, గురజాడ పద్యం ఒకటి చదివి, నాలుగు ముక్కలు ప్రమాణం చెప్పుకుని భోజనాలకి లేవాలని వాళ్ళ ఆలోచన, మానవవాద పద్ధతి పెళ్లి అంటున్నారు. పెద్దవాళ్ళు "ఇది చెల్లుతుందా?" అంటున్నారు. ఒకాయనేమో ఫొటోలు తీసుకెళ్లి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించేస్తే సరిపోద్ది అన్నాడు. నిజమేనా? ప్రమాణంలో ఏం రాయాలి? ఏ పద్యం చదవాలి? అమ్మాయి తల్లి జీలకర్ర బెల్లం ఒక్కటైనా ఉండాలంటోంది, దానికేం చెప్పాలి?

సిక్కోలు_చిన్నోడు
ఆషాఢంలో పెట్టుకున్నారంటే కల్యాణ మండపం, షామియానా, వంటోళ్ళు అందరూ ఖాళీయే. మానవవాదానికి మొదటి లాభం ఇదే బావూ.

గంటస్తంభం
ఆ ఒకాయన మాట వినకండి. పురోహితుడు లేని పెళ్లిళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

హిందూ వివాహ చట్టం (1955) ఏడో సెక్షన్ ప్రకారం పెళ్లి ఇద్దరిలో ఒకరి ఆచారం ప్రకారం, ఆ తంతుతో జరగాలి. సప్తపది ఆ ఆచారంలో భాగమైతే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. రిజిస్ట్రేషన్ జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే, జరగని పెళ్లిని అది పుట్టించలేదు. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటీ ఉంటే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. కాపురం బాగున్నన్నాళ్ళూ ఎవరూ అడగరు. ఆస్తి దగ్గరో, పెన్షన్ దగ్గరో, విడాకుల దగ్గరో అవతలి లాయరు మొదట అడిగేది "తంతు ఏది?" అనే.

మీకు కావలసింది ప్రత్యేక వివాహ చట్టం, 1954ది. అందులో పన్నెండో సెక్షన్ చూడండి. పెళ్లి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు అంటుంది. ఒకటే షరతు: మ్యారేజి ఆఫీసరూ ముగ్గురు సాక్షులూ వింటుండగా ఇద్దరూ ఒకరితో ఒకరు, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా, ఈ మాట చెప్పుకోవాలి: "నేను ఫలానా, ఫలానా అయిన నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా (భర్తగా) స్వీకరిస్తున్నాను." ఆ వాక్యం పలికితేనే పెళ్లి చెల్లుతుంది. దండలు, పద్యం, జీలకర్ర బెల్లం అన్నీ మీ ఇష్టం. ఆ తల్లిగారికి చట్టం అడ్డు చెప్పదని చెప్పండి.

నాగావళి_గట్టు
గంటస్తంభం గారు మరీ బెదరగొడుతున్నారు. ఏడో సెక్షన్‌లో ఉన్నది "ఆచారం" అనే మాట. మన ఉత్తరాంధ్రలో సప్తపది లేని కులాలు చాలా ఉన్నాయి. కులపెద్ద కూర్చుంటాడు, పసుపుతాడు కడతారు, అయిపోయింది. అవి చెల్లడం లేదా?

గంటస్తంభం
చెల్లుతాయి, ఎందుకంటే అవి తరతరాలుగా వస్తున్నవి. అదే చట్టం మూడో సెక్షన్‌లో ఆచారం అంటే ఏమిటో రాసి ఉంది: చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తున్నది. నిన్న రాత్రి వాట్సాప్‌లో తయారుచేసుకున్న తంతు ఆచారం కాదు. తమిళనాడు వాళ్ళు ఈ చిక్కు గ్రహించే 1967లో 7ఎ సెక్షన్ కలుపుకున్నారు. బంధువుల ముందు దండ మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా అక్కడ చాలు. ఆంధ్రలో ఆ సవరణ లేదు. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ చేసేవాళ్ళు ఈ తేడా చూసుకోరు.

మూడులాంతర్లు
రోజుల లెక్క నేను చెప్తాను, దీంట్లోనే జనం తప్పుతారు.

ఇద్దరిలో ఒకరైనా నోటీసుకి ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక దాని నకలు ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటిస్తారు. అభ్యంతరాల గడువు 30 రోజులు, ఇది నోటీసు అంటించిన తేదీ నుంచి. పెళ్లి మూడు నెలల్లోగా జరగాలి, ఇది నోటీసు ఇచ్చిన తేదీ నుంచి. మూడు నెలలు దాటితే నోటీసు చచ్చిపోయినట్టే, మళ్ళీ మొదటికి. కాబట్టి మీ చేతిలో ఉన్నది రెండు నెలల కంటే కాస్త తక్కువ. జూలై 20న పెళ్లంటే మే ఆఖరుకి నోటీసు ఇచ్చెయ్యండి. ఆఫీసులో ఎప్పుడు అంటించారో తేదీ అడిగి రాసుకోండి. నోటీసు ఇచ్చిన రోజు నుంచే 30 లెక్కపెట్టి కార్డులు అచ్చేయించుకుంటే రెండు రోజులు చాలక పెళ్లి ఆగిపోతుంది.

అమ్మాయిది రాజాం కదా, 2022 ఏప్రిల్ 4 దాకా అది శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. ఆధార్‌లో పాత జిల్లా పేరే ఉంటే నోటీసుకి ముందే దిద్దించుకోండి.

మండపానికి ఆఫీసరు రావచ్చు, ఆఫీసుకి సబబైన దూరంలో ఉండాలి, అదనపు ఫీజు కట్టాలి. ఆ వాక్యం చెప్పడానికి ముందే వధూవరులూ ముగ్గురు సాక్షులూ డిక్లరేషన్ ఫారం మీద సంతకాలు పెట్టాలి.

పలాస_జీడి
ఊళ్లో తెలీకుండా చేసుకునేవాళ్ళకి ఈ దారి పనికిరాదు. ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నకలు అక్కడికీ పంపి అంటిస్తారు. మానవవాదం మాట ఎలా ఉన్నా, ఇష్టపడ్డ ఇద్దరి పేర్లూ అడ్రసులతో సహా గోడ మీద పెట్టడం నాకు నచ్చని సంగతి.

నాగావళి_గట్టు
పలాస గారితో ఒప్పుకుంటాను. పైగా అభ్యంతరం అంటే "మాకిష్టం లేదు" అంటే చెల్లదు. ఇంతకుముందే భార్యో భర్తో బతికి ఉండటం, వయసు చాలకపోవడం (అబ్బాయికి 21, అమ్మాయికి 18), మతిస్థిమితం లేక సమ్మతి ఇవ్వలేకపోవడం, నిషిద్ధ బంధుత్వం, ఇవే కారణాలు. కులం, మతం, జాతకం ఇందులో లేవు.

అరసవిల్లి_ఎండ
నిషిద్ధ బంధుత్వం దగ్గర ఆగండి. తోటపల్లి గారూ, వాళ్ళిద్దరూ చుట్టాలా? మేనబావ, మేనమరదలు అయితే పెద్ద చిక్కు. ఈ చట్టం మొదటి షెడ్యూల్లో మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా నిషిద్ధమే. ఆచారం ఉంటే మినహాయింపు అన్నారు గానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించి ఉండాలి. హిందూ వివాహ చట్టంలో అయితే ఆచారం రుజువైతే చాలు, గెజిట్ అక్కర్లేదు. మేనరికం చేసుకుంటూ పురోహితుణ్ణి వద్దనుకునే జంటకి ఈ దారిలో గేటు పడిపోతుంది.

తోటపల్లి_కాలవ
చుట్టాలు కారు, కులాలు కూడా వేరు. ఇంకో దారి విన్నాను: ముందు దండల పెళ్లి చేసేసుకుని తర్వాత ఇదే చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చట?

గంటస్తంభం
పదిహేనో సెక్షన్. దానిక్కూడా ముందు ఏదో ఒక తంతు జరిగి, అప్పట్నుంచీ కలిసి కాపురం చేస్తుండాలి. 30 రోజుల నోటీసూ తప్పదు. రిజిస్టర్ చేసే రోజుకి ఇద్దరికీ 21 నిండాలి, 19 ఏళ్ల అమ్మాయికి ఆ దారి లేదు. ఎదురుగా తిన్నటి రోడ్డుంటే సందులెందుకు?

సిక్కోలు_చిన్నోడు
మరి ఈ చట్టంలో చేసుకుంటే దేవుణ్ని వొగ్గేసినట్టు రాసివ్వాలంట కదా. ఆ తల్లి ఊరుకుంటాదేటి?

గంటస్తంభం
అది 1872 నాటి పాత చట్టం. అందులో హిందువుని కాను, క్రైస్తవుణ్ణి కాను, ముస్లింని కాను అని వరసగా రాసివ్వాలి. 1954 చట్టంలో ఆ షరతు లేదు. మర్నాడు ఇద్దరూ అరసవిల్లి వెళ్లినా ఎవరూ అడగరు. ఇద్దరూ హిందువులే అయితే వారసత్వం కూడా హిందూ వారసత్వ చట్టం ప్రకారమే నడుస్తుంది, 21ఎ సెక్షన్.

అరసవిల్లి_ఎండ
దారి చూపించినందుకు సంతోషం.

బొబ్బిలి_వీణ
చట్టం అయింది కదా, పద్యం దగ్గరికి రండి. నా ఓటు 1910 తోకచుక్క పద్యానికి. "మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును" అన్న మాట కంటే మానవవాదం ఏముంది? మన విజయనగరం కవి మాట అది.

నాగావళి_గట్టు
చదవండి, ముందు వరసలో కూర్చున్న నానమ్మ ముఖం చూస్తూ చదవండి. పిలిచి భోజనం పెడుతూ మీ మతం మాసిపోతుంది అనడం ఏ నీతి? అదే కవి దేశభక్తి గేయంలో "మతం వేరైతేను యేమోయ్" అన్నాడు, మతములన్నీ అన్నదమ్ముల్లా మెలగాలి అన్నాడు. కులాంతర పెళ్లికి అది కదా అతికేది.

బొబ్బిలి_వీణ
అంటే ఒక పద్యంలో మాసిపోతాయి, ఇంకో పద్యంలో మెలుగుతాయి. గురజాడకే తేలలేదంటారా?

నాగావళి_గట్టు
తేలింది. మొదటిది ఎప్పటికో జ్ఞానం ఏం చేస్తుందన్న ఊహ, రెండోది ఇవాళ పక్కింటివాడితో ఎలా ఉండాలన్న నడత. పెళ్లిపందిట్లో కావలసింది నడత. ఇంకో సంగతి, ఆయన్ని నాస్తికుణ్ణి చెయ్యకండి. "మనిషి" గేయంలో దేవుడు లేడనలేదు. రాయికి మొక్కి మనిషిని రాయికన్నా తక్కువగా చూస్తావేమని అడిగాడు, దేవుడు మనిషి మాత్రుడిలో లేడా అన్నాడు. నాస్తికత్వం దేవుడి గురించిన తీర్మానం. మానవవాదం మనిషిని దేనికంటే ముందు పెట్టాలన్న లెక్క. నాస్తికోద్యమం నడిపిన గోరా గారిది మొదటి దారి, మానవవాద ఉద్యమం నడిపిన ఎం.ఎన్. రాయ్‌ది రెండోది. రెండూ కలిసి నడిచిన చోట్లున్నాయి గానీ ఒకటి కావు.

పలాస_జీడి
రాయ్ పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇలాంటి పెళ్లిళ్లు చెడేది ఉపన్యాసాల వల్ల. పురోహితుడి గంటన్నర తప్పించి, ఆ చోట్లో పదకొండుమంది వక్తల్ని కూర్చోబెడతారు. మూడో వక్త దగ్గరే జనం భోజనాలకి లేచిపోతారు, ఎనిమిదో వక్త ఖాళీ కుర్చీలకి హేతువాదం చెప్తాడు. ఆపైన రాజకీయ నాయకుడు కండువాతో వచ్చి స్టేజీ ఎక్కుతాడు. రాయ్ తన పార్టీనే 1948లో రద్దు చేసేసుకున్న మనిషి. ఆయన ఫొటో కింద కండువాలు!

మూడులాంతర్లు
రాజ్యాంగ పీఠికో, 51ఎ అధికరణమో చదివిస్తే? 51ఎ లో శాస్త్రీయ దృష్టి, మానవవాదం పౌరుల విధి అని 1976 సవరణలో చేర్చారు కదా. పేరు పెట్టి "మానవవాదం" అన్న చోటు అదే.

పలాస_జీడి
కార్డు మీద వేయించండి. పీటల మీద చదివితే గ్రూప్-2 కోచింగులా ఉంటాది.

బొబ్బిలి_వీణ
పలాస గారి మాటకి ఒకటి కలుపుతాను. పురోహితుడు మంత్రాలు చదివే మనిషే కాదు, స్టేజీ నడిపే మనిషి కూడా. పళ్ళెం ఎక్కడ, దండ ఎక్కడ, మేనమామ ఎక్కడ, ఇప్పుడు లేవండి, ఇప్పుడు తిరగండి, అంతా ఆయనే. ఆయన్ని తీసేస్తే ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. లేకపోతే అక్షింతలు ఎప్పుడు వెయ్యాలో జనానికి తెలీదు, చేతిలో పట్టుకుని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటారు. గట్టిమేళం ఎప్పుడు అందుకోవాలో సన్నాయి వాళ్ళకీ తెలీదు.

కాబట్టి నడిపే మనిషిని ఒకరిని ముందే పెట్టుకోండి. సంతకాలు జనం రాకముందే అయిపోవాలి. వచ్చినవాళ్ళకి ఏం జరగబోతోందో రెండు నిమిషాలు చెప్పండి. తర్వాత పద్యం, ఆ తర్వాత వాళ్ళు రాసుకున్న ప్రమాణం, ఆఖర్న చట్టం చెప్పిన వాక్యం. వాక్యం మైకులో పలకాలి, సాక్షులు ముగ్గురికీ వినబడాలి. రెండో మనిషి "స్వీకరిస్తున్నాను" అనగానే నడిపే మనిషి చెయ్యి ఎత్తాలి, గట్టిమేళం, అక్షింతలు, అప్పుడు దండలు. దండలు ముందు మార్చేసుకుంటే జనం పెళ్లయిపోయిందనుకుని లేస్తారు, అసలు వాక్యం కుర్చీల చప్పుళ్లలో కొట్టుకుపోతుంది. మొత్తం నలభై నిమిషాలు దాటకూడదు.

సిక్కోలు_చిన్నోడు
గిరీశం లాంటోడికి మాత్రం మైకు ఇవ్వకండి. లెక్చరు మొదలెట్టాడంటే ఆఫీసరు కూడా ఎల్లిపోతాడు.

అరసవిల్లి_ఎండ
కన్యాదానం వద్దన్నారు, బాగుంది. కన్యాశుల్కంలో అమ్మకం, కన్యాదానంలో దానం, రెండింట్లోనూ పిల్ల సరుకే. గురజాడ తన ఇంగ్లీషు ముందుమాటలో లెక్క ఇచ్చారు చూడండి: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034 అని. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్ళు 44, మూడేళ్లవాళ్ళు 36, రెండేళ్లవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. మన విజయనగరం అప్పుడు అందులోదే, శ్రీకాకుళం మాత్రం గంజాం జిల్లాలో ఉండేది.

ఇప్పుడు డబ్బు అటు తిరిగింది, అంతే. పురోహితుణ్ణి మానేసి లాంఛనాలు మాత్రం వెనక గదిలో లెక్కపెట్టుకుంటే అందులో మానవవాదం ఎక్కడుంది? కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా 1961 చట్టం కింద కనీసం అయిదేళ్లు జైలు. అడక్కుండా ఇచ్చిన కానుకలకి కూడా జాబితా రాయాలి: వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, ఏమవుతారు, కింద ఇద్దరి సంతకాలు. ఆ జాబితా స్టేజీ మీద సంతకం చేస్తే నాకు పద్యం లేకపోయినా ఫర్వాలేదు.

నాగావళి_గట్టు
ఈ పోస్టు పైకి పిన్ చెయ్యాలి. జీలకర్ర బెల్లం మీద గొడవ పడేవాళ్ళు దీని మీద ఎందుకు పడరో.

మాత్రల_లెక్క
ఆలస్యంగా చూశాను. ప్రమాణం ముత్యాల సరంలో కట్టండి, అందరి నోటా పలుకుతుంది. ఛందస్సు అని భయపడొద్దు. మూడు, నాలుగు, మూడు, నాలుగు, అంటే తకిట తకధిమి తకిట తకధిమి. పాదానికి 14 మాత్రలు, మూడు పాదాలు అలా, నాలుగోది కాస్త పొట్టి. పొట్టి అక్షరం ఒకటి, దీర్ఘం రెండు, సున్నా ఉన్నా, తర్వాతి అక్షరానికి ఒత్తు ఉన్నా రెండు. దేశ(3) మంటే(4) మట్టి(3) కాదోయ్(4). దాని తర్వాతిది నాలుగో పాదం, దేశ(3) మంటే(4) మనుషు(3) లోయ్(2), ఇక్కడ 12తో ఆగిపోయింది. ఆ కొరతే విరుపు, అక్కడ ఊపిరి తీసుకోవచ్చు.

తోటపల్లి_కాలవ
వాళ్ళు రాసిన మొదటి పాదం: "ఒకరికొకరం ఆస్తి కాదు". కుదిరిందా?

మాత్రల_లెక్క
ఒకరి(3) కొకరం(4) ఆస్తి(3) కాదు(3). ఒకటి తగ్గింది, పాడితే కుంటుతుంది. "కాదోయ్" అనండి, నిండుతుంది. గురజాడ ఓయ్ పిలవడానికి మాత్రమే పెట్టింది కాదు, మాత్ర కోసం కూడా.

సిక్కోలు_చిన్నోడు
పెళ్లిరోజే పెళ్లాన్ని ఓయ్ అంటాడేటి! ఆయమ్మ కూడా ఓయ్ అంటే సమానత్వం అవుద్దిలెండి.

బొబ్బిలి_వీణ
ఇలా పూర్తి చేశాను, చూడండి.

ఒకరికొకరం ఆస్తి కాదోయ్
ఒకరికొకరం తోడు నీడోయ్
మాట ఇస్తే మాట తప్పం
మనుషులం మనమిద్దరం

మాత్రల_లెక్క
సరిపోయింది. "మాట తప్పం" అన్నది మాత్రం పద్యంలో వదిలెయ్యకండి. ఏ మాటో దాని కింద వచనంలో చెప్పాలి: జీతాలు ఎవరివి ఎవరి చేతిలో, ఇద్దరి తల్లిదండ్రుల బాధ్యత ఎలా, పొసగకపోతే కొట్టుకోకుండా ఎలా విడిపోవడం. నాలుగు వాక్యాలు చాలు, మన మాటల్లో, గ్రాంథికం వద్దు. గిడుగు పుట్టిన ఉత్తరాంధ్రలో "పాటింతుము గాక" అంటే బాగోదు.

పలాస_జీడి
పెళ్లిలో విడిపోవడం గురించా? నానమ్మ మళ్ళీ లేస్తుంది.

మాత్రల_లెక్క
చెవిలో చెప్పుకోమనండి. రాతలో ఉంటే చాలు.

మూడులాంతర్లు
ఒకవేళ జూలై కుదరక దసరాకి జరిగితే పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం మాత్రం పెట్టకండి. ఆ రోజు విజయనగరంలో మానవవాదులకి కూడా దారి దొరకదు, ఆఫీసరు కారు కోట దాకా కూడా రాదు.

తోటపల్లి_కాలవ
నోటీసు మే 25న ఇస్తున్నారు. కానుకల జాబితా ఒప్పుకున్నారు, జీలకర్ర బెల్లం ఉంటుంది, వక్తలు ఇద్దరే, చెరో మూడు నిమిషాలు. ఒక పేచీ మిగిలింది. చివరి పాదం "మనుషులం మేమిద్దరం" అని మార్చాలంటున్నాడు అబ్బాయి. మనం అంటే వచ్చినవాళ్ళు కూడా కలిసిపోతారట.

బొబ్బిలి_వీణ
మాత్రలు రెండింటికీ సరిపోతాయి. మను-షు, లం-మే. ఇబ్బంది లేదు.

గంటస్తంభం
జనానికి చెబితే మేం, ఒకరికొకరు చెప్పుకుంటే మనం. పన్నెండో సెక్షన్ ఒకరికొకరు చెప్పుకోమంది. మనం అనే ఉంచండి.

సిక్కోలు_చిన్నోడు
అబ్బాయి మైకు వైపు కాదు, అమ్మాయి వైపు తిరిగి నిలబడాలన్నమాట. నడిపే మనిషికి ఇది కూడా రాసివ్వండి.